చెల్లెలి నడికట్టు

మా చెల్లెలికి కాన్పు ఆపరేషనుతో అయింది. కుట్లు మానాక వాళ్ళత్తగారు నడికట్టు కట్టింది. పాత నేతచీర నడుముకు చుట్టి, ఒక కొస తాను పట్టుకుని, రెండోది పనిమనిషి చేత లాగించేది. బాలింత పొట్ట తగ్గడానికి అనకాపల్లిలో కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ కడతారు, కొన్నాళ్ళకు మానేస్తారు. చెల్లెలికి మాత్రం కట్టడం ఆపలేదు. పిల్లాడికి మాటలొచ్చినా కోత కింద నొప్పి పోలేదు. కట్టు వదులవడం వల్లే నొప్పి అని అత్తగారి నమ్మకం.

నిటారుగా నిలబడితే లోపల ఏదో పట్టి లాగుతోందని చెల్లెలు చెప్పేది. స్కానింగులో ఏమీ కనిపించలేదు. ఆ రోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను.

"మిషన్లో ఏటీ నేదన్నారు. మరి నొప్పెక్కడే నీకు?" అంది అత్తగారు.

"లోపలే అత్తయ్యా. నిజం."

"అంట్లు కనిపిత్తే నిజం. సినిమా అంటే నడుం దానంతటదే లేత్తాది."

బెల్లం మండీ నుంచి అప్పుడే వచ్చిన చెల్లెలి భర్త, మా మరిది, నవ్వాడు. "యాక్టింగుకి ప్రైజిచ్చేద్దామే అమ్మా."

ఆ సాయంత్రం కట్టు ఇంకా బిగించారు. చెల్లెలు గోడకు చేతులానించి నిలబడింది. నేను వద్దన్నాను.

"నువ్వు పుస్తకాలు సదువుకో అమ్మా. కాన్పుల సంగతి నీకేటి తెలుసు?" అంది ఆవిడ.

ఈ వేసవిలో చెల్లెలికి వాంతులు పట్టుకున్నాయి. పొట్ట ఉబ్బింది. గ్యాసని వాము నీళ్ళు పట్టారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. పొట్ట కోసి చూసిన డాక్టరు బయటికొచ్చి మా అందరికీ చెప్పాడు.

"పాత కోత మానేటప్పుడు లోపల అతుకులు పడ్డాయి. పేగు వాటికి అంటుకుని మెలిపడింది. అతుకులు చాలాసార్లు స్కానింగులో కనపడవు. ఉన్నవాళ్ళందరికీ నొప్పీ రాదు. ఈమెకు ఇన్నాళ్ళూ వచ్చిన నొప్పి వీటివల్లే కావచ్చు."

నడికట్టు మాట నేనే అడిగాను. దాంతో అతుకులు పోవన్నాడు. అత్తగారు కొంగు సర్దుకుంది.

చెల్లెలికి తెలివొచ్చాక ఈ సంగతి చెప్పాను.

"అత్తయ్య విన్నాదా?" అంది.

విందన్నాను.  పేగు అప్పటికే కుళ్ళింది. మర్నాడు చెల్లెలు చనిపోయింది.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళకు అత్తగారు తన పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించింది.

"ఇక్కడే, పేగులు అతుక్కుపోయేయటమ్మా. ఎంత నొప్పి పడ్డాదో బంగారు తల్లి. ఒక్కనాడైనా మాకు నోరిప్పి సెప్పనేదు."

పక్కన కూర్చున్న మరిది తలూపాడు.