చెరువు దాటిన ఇల్లు

ఓతీలియమ్మకు డెబ్బై రెండేళ్ళు. చిలీ దేశపు చిలోయె దీవిలో ఆమెకు వచ్చిన విద్యలు రెండే: రెల్లుతో బుట్టలల్లడం, ఎదుటివాడి నోరు మూయించడం. రెల్లు ఇంటి ముందున్న చెరువు ఇచ్చింది. నోరు వాళ్ళమ్మ ఇచ్చింది.

ఆ చెరువును పూడ్చి రెండు వందల ఇళ్ళు కడతామని ఒక కంపెనీ దిగింది. వాళ్ళ కాగితాల్లో అది చెరువే కాదు, మోకాలి లోతు బురదగుంట. గుంటైతే అనుమతి సులువు మరి. ఓతీలియమ్మ రెండేళ్ళు అర్జీలు పెట్టింది, ఊరందరి చేతా సంతకాలు చేయించింది, మునిసిపాలిటీ మెట్ల మీద అల్లిక పట్టుకుని కూర్చుంది. చివరికి శనివారం ఒక అధికారి చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన రాసిందే ఆఖరి మాట.

"చూసేదేముందక్కా? ఒడ్డున నిలబడి, బూట్లకు బురదంటిందని రాసి పోతాడు," అన్నాడు పడవలు నడిపే రొసెందో.

"అయితే నా ఇల్లు చెరువు మీదుగా అవతలి ఒడ్డుకు లాగండి. మా చెల్లెలి స్థలంలోకి. శనివారమే."

చిలోయెలో ఇల్లు మారడమంటే సామాను మారడం కాదు, ఇల్లే మారుతుంది. చెక్క ఇంటిని దుంగల మీదికెక్కించి ఎడ్లతో లాగుతారు, నీళ్ళు అడ్డొస్తే పీపాలు కట్టి తేలుస్తారు. కూలి ఉండదు, కడుపు నిండా తిండి, ఆపిల్ కల్లు, రేపు వాళ్ళింటికి బదులు సాయం. కానీ ఇది ఆమె తాత కట్టిన ఇల్లు. ఆ ముసలి కొయ్య ఒక్క ప్రయాణం తట్టుకుంటే గొప్ప.

"మునిగిపోతేనో?" అన్నాడు రొసెందో.

"ఇంకా మంచిది. ఇల్లు మునిగిన చోటును గుంట అని ఎవడంటాడో చూస్తా!"

శనివారం పద్నాలుగు జతల ఎడ్లతో ఊరు ఊరంతా వచ్చింది. ఓతీలియమ్మ ఇంట్లోంచి దిగనంది, పొయ్యి కూడా ఆర్పలేదు. ఇల్లు నీళ్ళలోకి జారి, ఒక పక్కకు ఒరిగి, మూలిగింది. అంతలో తేలింది! కిటికీ తెరలతో, గొట్టంలోంచి పొగతో, మూడు పడవల వెనక నిండు చూలాలిలా కదిలింది. నల్లమెడ హంసలు తప్పుకుని దారిచ్చాయి. నలభై ఏళ్ళుగా ఇళ్ళు లాగిన రొసెందో టోపీ తీసేసి ఏడ్చాడు.

అధికారి పక్క పడవలో నోరు తెరుచుకుని ఉన్నాడు. నడిచెరువులో ఓతీలియమ్మ ఇస్త్రీపెట్టెకు బట్టలారేసే తాడు కట్టి కిటికీలోంచి వదిలింది. తాడంతా అయిపోయింది గానీ అడుగు తగల్లేదు.

"రాసుకో నాయనా. మోకాలెక్కడుందో దొరికితే నాకూ చెప్పు."

ఆయన అక్కడే చెరువు అని రాశాడు.

సాయంత్రం అందరూ తింటుంటే ఓతీలియమ్మ కొత్త ఒడ్డున గుమ్మంలో నిలబడింది. తను పుట్టిన చోట పునాది మొద్దులు మాత్రం మిగిలాయి. ఇల్లు ఇక వెనక్కి ప్రయాణం తట్టుకోదని ఆమెకు తెలుసు. అప్పుడు ఏడ్చింది, ఎవరి దగ్గరా దాచుకోకుండా. ఆ మొద్దులకూ ఆమెకూ మధ్య చెరువుంది.