జాన్‌బాషా గద్దలకు ఉడికించి పెట్టిన ముక్క

జగ్గయ్యపేటలో నందిగామ వైపు పోయే రోడ్డు పక్కన జాన్‌బాషా చికెన్ కొట్టు ఉన్నది. కత్తి పట్టడం ఆయనకు తండ్రి నుండి సంక్రమించిన విద్య. గద్దలను పిలవడం మాత్రం స్వార్జితం. శుక్రవారం ఉదయం బేరాలు సద్దుమణిగిన పిమ్మట ఆయన కొట్టు వెనుక ఖాళీ స్థలంలో నిలబడి నాలుక మడిచి ఈల వేస్తే, అంతవరకు ఖాళీగా ఉన్న ఆకాశంలో ఎక్కడెక్కడి గద్దలూ ప్రత్యక్షమయ్యేవి.

ఆ పేటవారికి ఒక అలవాటు ఉన్నది. ఇంట్లో పిల్లకు జ్వరం తగిలినా, పెద్దవారికి కాలు బెణికినా, ఒక మాంసం ముక్కను వారి తల చుట్టూ తిప్పి బాషా చేతికి ఇస్తారు. ఆయన ఎగరవేసిన ముక్కను గద్ద గాలిలోనే తన్నుకుపోతే దిష్టి కూడా దానితోపాటు ఎగిరిపోయినట్లు లెక్క. సుబ్బమ్మ తిప్పి ఇచ్చినా, ఆస్మా తిప్పి ఇచ్చినా గద్దకు ముక్క ముక్కే. ముక్కలు చాలని వారాల్లో బాషా కోడిపేగులు కలిపి విందు పూర్తి చేసేవాడు.

ఆ గద్దల్లో తోకలో ఒక ఈక విరిగిన ముసలిదానికి ఆయన దొరసాని అని పేరు పెట్టుకున్నాడు. దాని గూడు పక్కనున్న సతీష్‌బాబు మిఠాయి దుకాణం వెనుక, ఆయన సొంత వేపచెట్టు మీద ఉన్నది. అది గుడ్లు పొదుగుతున్న రోజులవి.

అంతకు కొన్ని నెలల ముందు పశువైద్య పరిశోధన చేస్తున్న నీహారిక అనే అమ్మాయి వచ్చి, ఆ చెట్టు కింద పడిన రెట్టలను దూదిపుల్లలతో తీసి సీసాల్లో పెట్టుకుని పోయింది. పేటంతా నవ్వుకున్నది. ఆ అమ్మాయి తిరిగి వచ్చి ఫలితం చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

"బాబాయ్, ఈ గద్దల పొట్టల్లో ఉన్న క్రిములు మనం వాడే చాలా మందులకి చావట్లేదు."

"గద్దలకి మందులు ఎవరు పోశారమ్మా?"

"గద్దలకి కాదు. కొన్ని ఫారాల్లో కోళ్ళకి జబ్బున్నా లేకపోయినా నీళ్ళల్లో మందు కలుపుతారు. మెత్తని క్రిములు చస్తాయి, మొండివి పేగుల్లో మిగుల్తాయి. ఆ పచ్చి పేగులే మీరు గద్దకి వేస్తున్నారు. అది పోయి ఎవరి నీళ్ళ ట్యాంకు మీదో వాలి రెట్ట వేస్తది."

జిలేబీ చుడుతున్న సతీష్‌బాబు చెయ్యి ఆగిపోయింది. "విన్నావా బాషా, నీ చుట్టాలు ఊరికి రోగాలు మోస్తున్నారంట. రేపే నిచ్చెన వేయించి గూడు తీయించేస్తా."

"గుడ్ల మీద కూర్చుంది బాబూ. పిల్లలయ్యేదాకా ఆగు."

"గూడు తీస్తే పక్క చెట్టుకి పోతదండి," అన్నది నీహారిక. "ఆపాల్సింది పచ్చి పేగులు. వాటిని గోతిలో సున్నం చల్లి పూడ్చండి. పెట్టే ముక్క బాగా ఉడికించి పెట్టండి."

సతీష్‌బాబు గరిటె పక్కన పెట్టి మరీ నవ్వాడు. "గద్ద కూర తింటదా? సరే, అదీ చూద్దాం. శుక్రవారం నాడు ఉడికిన ముక్క దొరసాని తింటే గూడు ముట్టను. తినకపోతే నిచ్చెన ఎక్కుడే."

ఆనాటి నుండి బాషాకు కంటి మీద కునుకు లేదు. ఆలోచించి ఆలోచించి ఆయన ఒక ఉపాయం పన్నాడు. మరునాడు నీహారిక కొట్టు వెనక్కి వచ్చేసరికి ఆయన లివరు ముక్కలకు గాట్లు పెట్టి, వాటిలో గొట్టం మాత్రలు దూరుస్తూ కనిపించాడు.

"ఏంటి బాబాయ్ ఇది?"

"మెడికల్ షాపులో అన్నిట్లోకీ గట్టిది అడిగి తెచ్చానమ్మా. ఒక్క దెబ్బకి పొట్ట శుభ్రమైపోద్ది."

ఆ అమ్మాయి ఖాళీ కోళ్ళబుట్ట మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "మందుకి చావనివి ఉన్నాయని నేను మొత్తుకుంటుంటే మళ్ళీ మందే పెడతారా? ఫారాల వాళ్ళు చేసింది ఇదేగా."

బాషా తేలు కుట్టిన దొంగవలె గొట్టాలన్నీ ఏరి సంచిలో వేసి ఆమె చేతికి అప్పగించాడు.

శుక్రవారం రానే వచ్చింది. వీధి వీధంతా కొట్టు వెనుక చేరింది. బాషా భార్య ఫక్రున్నీసా ఉడికించిన ముక్కల గిన్నెను, పెళ్ళివారికి వడ్డించబోతున్నట్లు, కొంగుతో పట్టుకుని తెచ్చింది. బాషా ఈల వేసి ముక్క ఎగరవేశాడు. దొరసాని చెట్టు మీది నుండి రివ్వున దిగి దానిని అందుకున్నది. అది గాలిలోనే కాలి గోళ్ళ మధ్యకు ముక్కు వంచి, ఒకసారి రుచి చూసి, ముక్కను వదిలేసింది. ఆ ముక్క సరిగ్గా పక్కన ఆరబెట్టిన సతీష్‌బాబు బూందీ పళ్ళెంలో పడింది.

"నిచ్చెన పట్రండి," అన్నాడు సతీష్‌బాబు, బూందీని చూసుకుంటూ.

బాషా ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. అప్పుడు సుబ్బమ్మకు అనుమానం వచ్చింది. "ఏమ్మా ఫక్రున్నీసా, ఆ ముక్కల్లో ఏం వేశావు?"

"ఏముందత్తా, ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి, చిటికెడు గరంమసాలా. గడపకొచ్చిన వాళ్ళకి ఉప్పు లేని కూడు ఎట్టా పెడతాను?"

నవ్వులకు వేపచెట్టు మీది కాకులు సైతం లేచిపోయాయి. బాషా రెండు చేతులూ జోడించి, "మహాతల్లీ, వాటికి నీ చేతివంట వద్దు, వట్టి నీళ్ళలో ఉడకబెట్టి తే," అని వేడుకున్నాడు. పళ్ళెం పాడైన దుఃఖంలో పందెం పందెమేనని సతీష్‌బాబు సణిగినా, ఆ నవ్వుల్లో ఆయన మాట ఎవరికీ వినబడలేదు.

రెండో గిన్నె చల్లారేవరకు ఎవరూ కదలలేదు. ముక్క పైకి లేచింది. దొరసాని అందుకున్నది, ముక్కు వంచింది, ఒక పీచు లాగి మింగింది, తరువాత మిగిలినదంతా పట్టుకుని నేరుగా గూటికి పోయింది. ఈలలూ చప్పట్లూ రోడ్డు మీద సిమెంటు లారీల హారన్లను మించిపోయాయి.

అది మొదలు పేగులు సున్నపు గోతికి, ఉడికిన ముక్కలు గద్దలకు. పాత క్రిములు అంత త్వరగా పోవని, కొత్తవి చేరకుండా ఉండటమే ఇప్పటికి గెలుపని నీహారిక చెప్పింది. అంతేకాక ఫారం నుండి కోళ్ళ బండి వచ్చినప్పుడల్లా బాషా, "ఊరికే మందు తాగించిన కోళ్ళైతే నాకొద్దు," అని డ్రైవరుతో వాదం పెట్టుకోవడం నేర్చాడు.

గూట్లో పిల్లలు తలలు బయటపెట్టిన వారం, సతీష్‌బాబు తన కూతురు సింధూర తల చుట్టూ ఒక ముక్క తిప్పి, ఎవరూ చూడకుండా తెచ్చి బాషాకు అందించాడు.

"పరీక్షలున్నాయి దానికి. మంచిగా విసురు."

"ఉడికిందేనా బాబూ?"

"మీ ఆవిడే ఉడకబెట్టింది. నేను పక్కనే నిలబడి చూశాలే. ఉప్పు డబ్బా నా చేతిలోనే ఉంది."