నీ ఎడమే దాని ఎడమ

లూదియా పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. ఆమె చూసిన పెద్ద నీళ్లంటే వానాకాలంలో నిండుగా పారే కుందూ నదే. అలాంటి మనిషి నంద్యాల సంజీవనగర్ గేటు దగ్గర, మేడమెట్ల కింద ఉన్న డీటీపీ సెంటర్లో కూర్చొని, ఎండ పొడ ఎరగని సముద్రపు లోతుల్లో తిరిగే స్క్విడ్లకూ ఆక్టోపస్‌లకూ బొమ్మలు గీసింది. పిల్లల కథల పుస్తకంలో బొమ్మలనుకునేరు. శాస్త్రవేత్తలు స్కేలు పెట్టి కొలుచుకునే బొమ్మలు. ఈ సంగతి పక్కనున్న టీకొట్టు వాళ్లకు కూడా తెలియదు. తెలిసినా నమ్మరనుకోండి.

ఆమెది ఆళ్లగడ్డ. తండ్రి యాకోబు అక్కడి శిల్పుల కొట్టాల్లో విగ్రహాలకు నునుపు పెట్టే పనిచేసేవాడు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ వినాయకులు, అమ్మవార్లు. ఒకనాడు పక్కవాడి ఉలి దెబ్బకు లేచిన రాతి పెచ్చు అతని కుడికంట్లో పడింది. చూపు పూర్తిగా పోలేదు గానీ, కన్ను సగానికి ముడుచుకుపోయింది. "గుడ్డికన్నా మెల్ల మేలు గదప్పా" అని తానే నవ్వేసి, మూడో వారానికి మళ్లీ పనిలోకి పోయాడు.

లూదియా ఇంటర్ అయ్యాక, తొంభై ఏడులో, మహేశ్వర్ పెట్టిన ఆ డీటీపీ సెంటర్లో చేరింది. పెళ్లిపత్రికలు, ఎన్నికల కరపత్రాలు, చిట్‌ఫండు రసీదులు. జువాలజీ లెక్చరర్ కరుణాకర్ సారు తన గైడు కోసం కప్ప గుండె, బొద్దింక నోరు ఆమెతో గీయించుకున్నారు. మౌస్ పట్టుకుంటే చాలామందికి గీత కుంటుతుంది. ఆమెకు కుంటదు. అది చూసి సారు, తనతో చదువుకున్న శాంతమ్మ గారికి ఆమె పేరు చెప్పారు. శాంతమ్మ గారు విశాఖపట్నంలో శాస్త్రవేత్త. లోతు సముద్రంలో వలకు పడ్డ జీవి ఏదో బొమ్మ చూసి పోల్చుకునే పుస్తకం ఒకటి రాస్తున్నారు. దానికి నలభై రెండు బొమ్మలు కావాలి.

పోస్టులో ఫోటోలు వచ్చాయి. సీసాల్లో మందునీళ్లలో ముడుచుకుని, రంగు వెలిసి, ఉడికిన వంకాయల్లా ఉన్నాయి ఆ జీవులు. వాటితో పాటు కొలతల కాగితాలు. లూదియా ఒళ్లంతా కళ్లు చేసుకుని కూర్చుంది. ఏ చేతికి పట్టు బిగించే అంటుడు గిన్నెలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, అన్నే గీసేది. ఫోటోలో మసకగా ఉన్నచోట ఊహించి పూడ్చేది కాదు, ఉత్తరం రాసి అడిగేది. ఒక్క ఆక్టోపస్‌కు పదకొండు రోజులు పట్టింది. అదే పదకొండు రోజుల్లో ముప్పై పెళ్లిపత్రికలు అయ్యేవని మహేశ్వర్ గొణిగాడు గానీ, సాయంత్రమైతే వచ్చి ఆమె వెనక నిలబడి తానూ చూసేవాడు.

పదహారో బొమ్మ దగ్గర ఆమె తప్పు చేసింది. ఆ స్క్విడ్‌కు ఎడమకన్ను పెద్దది, కుడికన్ను అందులో సగం. వలలో నలిగిందేమోననుకుని లూదియా రెండు కళ్లూ సమానం చేసి పంపింది. ఆళ్లగడ్డలో పుట్టి ఎక్కువతక్కువ కళ్లు ఎలా గీస్తుంది? శాంతమ్మ గారు తిరిగి రాశారు: "అది నలగలేదమ్మా, పుట్టుకే అంత. పెద్దకన్ను పైనుంచి వచ్చే వెలుతురు చూస్తుంది, చిన్నకన్ను కింది చీకట్లో మెరిసేవాటిని చూస్తుంది."

ఆ ఆదివారం దిద్దిన బొమ్మ ప్రింటు తీసుకుని ఆళ్లగడ్డ పోయి తండ్రికి చూపించింది. "వీపు పక్కనుంచి చూసినట్టు గీసినా నాయనా. నీ ఎడమే దాని ఎడమ." యాకోబు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "అంటే నా మాదిరే. దీన్నీ ఎవురూ పనిలోనుంచి తీసెయ్యలేదు గదా" అన్నాడు.

బొమ్మలన్నీ అయ్యాక పేజీలు కూర్చే పని కూడా ఆమెకే వచ్చింది. పుస్తకం మొదట్లో 'చిత్రాలు: బి. లూదియా' అని తానే టైపు చేసుకుంది. ఆ పేరును పదిసార్లు చెరిపి, పదిసార్లు కొట్టింది. ప్రూఫులు విశాఖపట్నం పోయి, సంతకంతో తిరిగొచ్చాయి. సీడీ కర్నూలు ప్రెస్సుకు వెళ్లింది.

మర్నాడు ఆదివారం. ఆళ్లగడ్డలో ఇంటి అరుగు మీద కూర్చుని యాకోబు ఆమె వెంట తెచ్చిన ప్రూఫులు తిరగేస్తున్నాడు. తిరగేస్తూ ఒకచోట ఆగాడు.

"ఏందిమ్మా ఇది? నీ ఎడమే దాని ఎడమ అని నువ్వే చెప్తివి. కుడికన్ను గదా చిన్నదుండాల. ఈడ ఎడమది చిన్నగుందే."

లూదియా చూసింది. నిజమే. పెళ్లిపత్రికలో బొమ్మ ఎప్పుడూ లోపలికి చూడాలి. పేజీ బయటికి చూస్తే అటు నుంచి ఇటు తిప్పేస్తారు. ఈ స్క్విడ్ పెద్దకన్ను పేజీ అంచువైపు ఉందని, పేజీలు కూర్చేటప్పుడు వేలు దానంతటదే పోయి తిప్పేసింది. అలవాటులో పొరపాటు.

"వినాయకుని తొండం అటుది ఇటు పెడితే వేరే దేవుడైతాడు. ఇదీ అంతేనేమో" అన్నాడు యాకోబు.

ఆమె వెంటనే మహేశ్వర్ ఇంటికి ఫోన్ చేసింది. "ఎవురు చూస్తారు లూదియమ్మా? సముద్రం అడుక్కి పొయ్యి ఎవురన్నా కండ్లు లెక్కపెడతారా?" అన్నాడతను.

"చూసేటోళ్ల కోసమే గదన్నా ఆ పుస్తకం. ఇదొక్కటి తప్పని తేలితే మిగతా నలభై ఒకటీ ఎవురు నమ్ముతారు?"

"సరే, సెంటర్ తెరుస్తా, రామ్మా" అన్నాడు మహేశ్వర్. ఆమె నంద్యాల పోయి బొమ్మ సరిచేసి ఇంకో సీడీ రాసుకుంది. సోమవారం మొదటి బస్సుకు కర్నూలు పోయింది. ప్రెస్సులో ఆ పేజీ అచ్చు ప్లేటు మిషను మీదికి ఎక్కించి ఉంది, తిప్పడమే తరువాయి. కొత్త ప్లేటు ఖర్చు మహేశ్వర్ ఖాతాలో రాయమని, అది తన జీతంలోంచి పోతుందని చెప్పి, దాన్ని దింపించింది. తర్వాత ఎస్‌టీడీ బూతు నుంచి శాంతమ్మ గారికి ఫోన్ చేసి, తప్పు తనదేనని ఒక్క ముక్కలో చెప్పేసింది. తప్పు బయటపడకముందే చెప్పడానికి గుండె కావాలి. ఆమెకు ఆ గుండె ఉంది.

"ఆ ప్రూఫు మీద సంతకం పెట్టింది నేనే. అక్షరాలు చూశాను, కళ్లు చూడలేదు" అన్నారు శాంతమ్మ గారు. "పట్టుకున్నది ఎవరమ్మా?"

"మా నాయన."

"ఆయన పేరేంటి, ఏం చేస్తారు?"

"యాకోబు. ఆళ్లగడ్డలో విగ్రహాలకు నునుపు పెడతాడు మేడం."

రెండు నెలలకు పుస్తకం వచ్చింది. లూదియా దాన్ని ఆళ్లగడ్డ తీసుకుపోయి, మొదటి పేజీలో తన పేరు చూపించింది. దాని కింద తాను టైపు చేయని వరుస ఇంకొకటి ఉంది. శాంతమ్మ గారు ప్రెస్సుకు ఫోన్ చేసి పెట్టించినది. యాకోబు కాగితాన్ని మంచికంటికి దగ్గరగా తెచ్చుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాడు. 'చిత్రాలు సరిచూసినవారు: బి. యాకోబు, ఆళ్లగడ్డ.'

తల వంచుకునే ఆ వరుసను ఇంకోసారి చదివాడు. ఎత్తినప్పుడు రెండు కళ్లూ, పెద్దదీ చిన్నదీ, ఒకేలా తడిసి ఉన్నాయి.

"ఒంటికంటితో సరిచూసినాడని రాయలేదే" అన్నాడు.