నాగేంద్రమ్మ తెల్లగదికి రంగు

ధర్మవరంలో నాగేంద్రమ్మ ఇంటి ముందుగదిలోకి అడుగుపెట్టిన వాళ్ళు ముందు కళ్ళు చికిలించేవారు. గోడలు తెలుపు, పైకప్పు తెలుపు, నేల పలకలు తెలుపు, చీరలు పరిచే పరుపు మీద దుప్పటి కూడా తెలుపే. దానికి తోడు తూర్పున రెండు పెద్ద కిటికీలు. తెల్లటి గదిలో చీర రంగు ఎత్తి కనిపిస్తుందని ఎవరో చెబితే, నాలుగేళ్ళ కిందట గదిని బాగుచేయించినప్పుడు ఆమె అలా చేయించింది. లోపలి గదిలో భర్త సుబ్బన్న మగ్గం నేస్తాడు. ముందుగదిలో ఆమె పట్టుచీరలు అమ్ముతుంది. ఇరవై ఆరేళ్ళ వ్యాపారంలో ఆమె అమ్మిన చీర ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. పెళ్ళికూతురి ముఖం ఒకసారి చూసి, మూడో చీరకే ఆ కుటుంబం చేత తల ఊపించగలదు.

ఒకనాడు పొద్దున ఒక ముసలాయన వచ్చి గోడవారగా కూర్చున్నాడు. ఆడవాళ్ళు వెనక వస్తున్నారేమో అనుకుని ఆమె చీరలు తీయబోయింది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, చెయ్యి చాపి, "బీపీ సూసేది నువ్వేనా తల్లీ, డాక్టరు వచ్చినాక సూస్తాడా?" అని అడిగాడు.

లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది. సుబ్బన్న నవ్వు మాత్రం చాలాసేపు ఆగలేదు. మధ్యాహ్నానికల్లా వీధంతా ఆ గదిని ఆస్పత్రి అనడం మొదలుపెట్టింది. గోడలకు రంగు వేయించి తీరాలని నాగేంద్రమ్మ అప్పుడే నిశ్చయించుకుంది.

పెనుకొండ నుంచి ఏసురత్నం వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా గోడలకు రంగులు వేస్తున్న మనిషి, నెమ్మదస్తుడు. సంచిలోంచి రంగుల పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు. వెయ్యికి పైగా రంగులున్నాయన్నాడు.

నాగేంద్రమ్మ పేజీలు తిప్పింది. "ఇది ఉల్లిపొర రంగు గాదు, ఎండిపోయిన ఉల్లిపొర. ఇది నెమలికంఠం అంటే నెమలి ఊరుకోదు. ఇదేమప్పా, ఇది రంగేనా, గోడకు తేమ పట్టినట్ల ఉండాది."

"అక్కా, ఇవి గోడ రంగులు. చీరవి గాదు."

"రంగు ఏదైనా రంగే గదప్పా."

మూడు వారాలు ఇలాగే గడిచాయి. ఏసురత్నం రైల్లో వచ్చేవాడు, ఆమె చూపించిన రంగును గోడ మీద చాపంత మేర పూసేవాడు, ఎండేదాకా కూర్చునేవాడు. ఎండాక ఆమె తల అడ్డంగా ఊపేది. గులాబీ రంగు పూస్తే ఎర్రచీరలు వెలవెలబోయాయి. లేతాకుపచ్చ పూస్తే, దాని పక్కన కూర్చున్న అమ్మాయిని చూసి తల్లి "ఏమే, ఒళ్ళు బాగలేదా?" అని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. లక్షమంది చేత రంగులు ఎంపిక చేయించిన మనిషి తన గోడకు ఒక్క రంగు ఎంచుకోలేకపోతోందని సుబ్బన్న వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పేవాడు.

ఆ మాట పడలేక ఒక రోజు ఆమె పట్టుదలగా మామిడిపండు రంగు మీద వేలు పెట్టింది. ఏసురత్నం సాయంత్రానికి పడమటి గోడ మొత్తం పూసేశాడు.

మరునాడు పొద్దున హిందూపురం నుంచి భారతి అనే ఒకావిడ తన కూతురు సంగీత పెళ్ళికి చీర కోసం వచ్చింది. కిటికీల్లోంచి ఎండ పడి పసుపుగోడ వెలిగిపోతోంది. పక్కవీధి నేతగాడు అప్పుడే తెచ్చిన చీరను నాగేంద్రమ్మ ఆ వెలుగులోనే మొదటిసారి మడత విప్పింది.

"కనకాంబరం రంగు, ఇదే నాకు కావాల్సింది" అంది భారతి. నాగేంద్రమ్మ కళ్ళకూ అచ్చం కనకాంబరంగానే కనిపించింది. చీర హిందూపురం వెళ్ళిపోయింది.

రెండు రోజులకు ఫోను వచ్చింది. "ఏమమ్మా, కనకాంబరం అడిగితే బూడిద రంగు చుట్టి ఇచ్చినావు. ఇంట్లో విప్పి సూస్తే మాకు దిక్కు తెలీలేదు."

నాగేంద్రమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. మనిషిని పంపి చీర తెప్పించుకోవచ్చు, వేరేది పంపించవచ్చు. అలా చేస్తే ఇరవై ఆరేళ్ళ మాట పోతుంది. మరునాడు, కబురు పంపితే గోడ రంగు చెరపడానికి వచ్చిన ఏసురత్నాన్ని గుమ్మంలోనే ఆపింది.

"నడువప్పా హిందూపురం. నీ గోడ చేసిన పనికి నువ్వే సాక్షి."

"నేనేం జేస్తినక్కా, రంగు నువ్వే గదా ఎంచుకునింది."

"పూసినోడివి నువ్వే గదా. నడువు."

ఏసురత్నం సంచి భుజాన వేసుకుని ఆమెతో రైలెక్కాడు. హిందూపురంలో భారతి ఇంటి వీధి మలుపు తిరిగేసరికి అతని నడక మందగించింది. గుమ్మం దగ్గరకు వచ్చాక లోపలికి రానన్నాడు. నాగేంద్రమ్మ ఒక్కతే వెళ్ళింది. హాలు నాలుగు గోడలూ చిలకపచ్చ రంగులో ధగధగలాడుతున్నాయి. సోఫా మీద పరిచిన చీర నిజంగానే బూడిద పూసినట్టుంది.

"ఈ గోడలకు పూసిన మహానుభావుడు ఎవరమ్మా?" అని అడిగింది.

భారతి వాకిలి వైపు చూసింది. "ఆడ నిలబడుకోని ఉండాడే, ఆయప్పే. రెండేండ్లాయ. ఏమప్పా ఏసురత్నం, లోపలికి రా."

నాగేంద్రమ్మ అతని వైపు ఒకసారి చూసి, చీర తీసుకుని నేరుగా వీధిలోకి నడిచింది. "మీ ఇంటి గోడ అబద్ధం చెప్తాది, మా ఇంటి గోడా చెప్తాది. ఎండ మాత్రం అబద్ధం చెప్పదు. పట్టుకో" అని ఒక కొస ఏసురత్నం చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుంది. చీర వీధి మధ్యన విచ్చుకుంది. లేత గులాబీలో సన్నని వంగపండు ఛాయ. బూడిదా కాదు, కనకాంబరమూ కాదు.

ఎదురింటి అవ్వ అరుగు మీద నుంచి దిగి వచ్చి, అంచు వేళ్ళతో నలిపి, కన్నడంలో "ఈరుళ్ళి బణ్ణ" అంది. అంటే ఉల్లి రంగు. కూరగాయల బండి ఆపిన మనిషి ఒక ఉల్లిగడ్డ తెచ్చి చీర పక్కన పెట్టి చూపించాడు. రెండూ ఒకటే.

భారతి ముఖం ముడుచుకుంది. "మాకు కావాల్సింది కనకాంబరం గదా."

సంగీత చీరకొంగు భుజాన వేసుకుని ఆగి ఉన్న కారు అద్దంలో చూసుకుంది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. "నాకు ఇదే కావాల. కనకాంబరాలు తల్లో పెట్టుకుంటా లేమ్మా."

నాగేంద్రమ్మ గుండె కుదుటపడింది. కాఫీ తాగి బయలుదేరారు. స్టేషనుకు పోయే దారిలో పట్టుగూళ్ళ మార్కెట్టు ముందు ఆమె ఆగింది. తట్టల నిండా గూళ్ళు పోసి రైతులు వేలం కోసం కాచుకుని ఉన్నారు. తెల్లటి కుప్పలే అన్నీ. అయినా కళ్ళు చికిలించాల్సిన పని లేదు. మెరుపు లేని మెత్తటి తెలుపు, చూస్తూ నిలబడాలనిపించే తెలుపు. పట్టుకు ఎక్కే రంగులన్నీ దీని మీదనే గదా ఎక్కేది అనుకుంది.

"ఒక్క గూడు ఇస్తావాప్పా?" అని ఒక రైతును అడిగింది.

"ఒక్క గూటితో ఏం నేస్తావమ్మా?"

"గోడ" అంది నాగేంద్రమ్మ. ఆ రైతు ఇంకేమీ అడగకుండా ఇచ్చేశాడు.

తిరుగు రైల్లో ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని గూటిని రంగుల పుస్తకంలోని ఒక్కొక్క తెలుపు పక్కన పెట్టి చూశారు. అందులో నలభైకి పైగా తెలుపులున్నాయని ఏసురత్నానికి కూడా ఆ రోజే తెలిసింది. ముప్పై ఒకటో దాని దగ్గర గూడు కనిపించకుండా కలిసిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పటికి పెనుకొండ దాటిపోయి చాలాసేపయింది. ఏసురత్నం ధర్మవరంలో దిగి, ఇంకో రైలు పట్టుకుని ఇల్లు చేరాడు.

నాగేంద్రమ్మ ఆ రంగునే మెరుపు లేకుండా వేయించింది. రెండు రోజుల్లో పని ముగిసింది. ఎరుపు ఎరుపుగా, ఆకుపచ్చ ఆకుపచ్చగా కనిపించాయి. వచ్చిన వాళ్ళు కళ్ళు చికిలించకుండా చీరలు చూశారు. సుబ్బన్న మగ్గం దిగి వచ్చి గది మధ్యలో నిలబడి నాలుగు గోడలూ చూశాడు.

"నెల దినాలు తిరిగి మల్లా తెలుపేనా?"

"తెలుపు గాదయ్యా, పట్టుగూడు."

ఆయన లోపలికి పోయి మళ్ళీ మగ్గం ఎక్కాడు. ఇంతలో పక్కింటి ఓబులమ్మ వచ్చి, గోడ మీద అరచేయి ఆనించి నిమిరి, డబ్బాలు సర్దుకుంటున్న ఏసురత్నాన్ని మెచ్చుకుంది.

"పుట్టీ బాగా మెత్తినావప్పా, గోడ నున్నగుండాది. దీని మీద రంగు ఎప్పుడేస్తాండావు?"

ఏసురత్నం నాగేంద్రమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక చీరల దొంతర మీద వాలిపోయింది.