మాయమ్మ చిటికెన వేలు

మదనపల్లెలో మా ఇంటి ఓనరమ్మకి నేనేం పని చేస్తానో చాలా రోజులు అర్థం కాలేదు. పొద్దస్తమానం మేడ మీది గదిలో లాప్‌టాప్ ముందు కూర్చునే ఉంటాను. ఆఫీసు లేదు, బాసు లేడు. వేరేవాళ్ళ పేరుతో వాళ్ళ కోసం రాస్తానని ఒకసారి విడమరిచి చెబితే, సొమ్మొకడిది సోకొకడిది అన్నమాట అని తేల్చేసింది. అంతకంటే బాగా నా విజిటింగ్ కార్డు మీద నేనే వేసుకోలేను.

నగల షాపు ఇన్‌స్టాగ్రామ్ కబుర్లు నావే, మోకాళ్ళ డాక్టరు గారి సలహాలూ నావే. ఓ పాస్టరు గారికి రాసిచ్చిన క్రిస్మస్ సందేశం చర్చి మైకులోంచి తిరిగి నా గదిలోకే వచ్చినప్పుడు ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్కన ఇంకో మనిషి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. కొన్ని రోజులు నేను నోరు తెరిచి అనే మొదటి మాట సాయంత్రం టమాటాలమ్మే ఆమెతోనే. గొంతు బొంగురుగా వస్తుంది. జలుబా అని అడుగుతుంది. అవునంటాను.

పోయినేడు పుంగనూరులో పాల వ్యాపారం చేసి పైకొచ్చిన పెద్దాయన ఒకాయన తన ఆత్మకథ రాయమన్నాడు. ఆవుల గురించి అడిగితే ఆగకుండా చెప్పేవాడు. అమ్మ గురించి అడిగితే మళ్ళీ ఆవుల్లోకే వెళ్ళిపోయేవాడు. ఆమె పురిట్లోనే పోయిందట.

"మాయమ్మ మొగం గూడా నాకు తెలీదమ్మా. అమ్మ లేని పుస్తకం యాడన్నా ఉంటాదా? నువ్వే ఏదో ఒకటి రాయి."

కల్పించబోతే ఎంతసేపూ సినిమా తల్లే వస్తోంది. చివరికి విసుగొచ్చి మా అమ్మని రాసేశాను. మేమూ పుంగనూరు వాళ్ళమే. అమ్మ రెండు చేతుల్లో రెండు క్యాన్లతో పాల కేంద్రానికి వెళ్ళేది. నన్ను పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు. రోడ్డు దాటేటప్పుడు క్యాను పిడి వదలకుండానే చిటికెన వేలొక్కటి చాపేది. దాన్ని పట్టుకుని దాటేదాన్ని. అమ్మ గురించి నాకు గట్టిగా గుర్తున్నది అదొక్కటే. చెల్లెలికి అదీ లేదు, అమ్మ పోయేనాటికి ఇంకా పాకుతోంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆయన అడిగాడు, నేను అమ్మనే పెట్టేశాను.

కల్యాణ మండపంలో పుస్తకం విడుదల చేస్తూ ఆయన ఆ పేజీ చదివి ఏడ్చాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు. మా అమ్మ కోసం అంతమంది ఏడుస్తుంటే నేను వెనక వరసలో టిఫిన్ ప్లేటు పట్టుకుని కూర్చున్నాను.

ఆ పేజీ వాట్సాప్‌లో ఊళ్ళు తిరిగింది. కుప్పంలో ఉండే మా చెల్లెలు దాన్ని స్టేటస్ పెట్టుకుని నాకు ఫోన్ చేసింది. ముసలాయనకే అంత గుర్తుంటే, మనమ్మ గురించి తనకి ఒక్కటన్నా తెలియదని బాధపడింది. ఆదివారం వచ్చి ఏదైనా చెప్పమంది.

బస్సు పలమనేరు దాటినా, వి.కోట దాటినా, ఇంకో జ్ఞాపకం కోసం వెతుకుతూనే ఉన్నాను. అమ్మ చీర రంగు కూడా తట్టలేదు. కుప్పంలో, అనపకాయలు ఒలుస్తున్న చెల్లెలి పక్కన కూర్చుని, ఉన్న ఆ ఒక్కటే చెప్పాను. దాని చేతులు ఆగిపోయాయి.

"అది ఆ పుస్తకంలోది గదక్కా. మనమ్మది సెప్పు."

రాసింది నేనని ఎవరికీ చెప్పకూడదు, అది మా పనికి మొదటి షరతు. అయినా చెప్పేశాను.

"అది నేను రాసిందే. ఆయమ్మ మనమ్మే."

అది పూర్తిగా నా వైపు తిరిగింది.

"నువ్వు రాసిందా? అట్లయితే అదంతా ఉత్తిదేనా అక్కా?"

ఒట్టేశాను. సరేలే అన్నట్టు తలూపి మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. నేనెన్ని రకాలుగా రాస్తానో తెలిసిన మనిషి, దాన్ని తప్పుపట్టలేను.

సాయంత్రం బస్టాండుకి వస్తూ నా సంచులు రెండూ రెండు చేతుల్లో పట్టుకుని అదే మోసింది. రోడ్డు దాటేదాకా దాని చిటికెన వేలి వైపే చూస్తూ నడిచాను. చాపలేదు.