టీ మాస్టారి స్పీడు పరీక్ష

బళ్లో పాఠాలు చెప్పిన గణేశ్వరరావు మాస్టారికి ఒక్కటే జబ్బు. ఏ వస్తువైనా సరే, తన వేగం ఇంత అని తానే చెప్పుకుంటే ఆయన నమ్మరు. బస్సు స్పీడోమీటరును నమ్మరు, గోడ మీది గడియారాన్ని నమ్మరు. ఆయన నమ్మే కొలత లోకంలో ఒక్కటే, తాను తాగే గ్లాసుడు టీ.

నవ్వకండి. మా దీవిలో బాంబూఫ్లాట్ జెట్టీలో ఫెర్రీ టికెట్లిచ్చేవాణ్ణి కాబట్టి రోజూ కళ్లారా చూశాను. ఎండైనా వానైనా, టీ కాలినా చల్లారినా, ఆయన గ్లాసు ఖాళీ కావడానికి పట్టే సమయం వెంట్రుకవాసి కూడా మారదు. మనిషన్నవాడికి సాధ్యమా ఇది? "ఆజ్ ఫెర్రీ అర టీ లేటు భయ్యా," అనేవారు నాతో. చూసుకుంటే నిజమే. కొన్నాళ్లకు నేనే ఆయన గ్లాసును చూసి నా గడియారం సరిచేసుకోవడం మొదలుపెట్టాను.

"పెళ్లిచూపుల్లో నా మొహం చూళ్లేదు నాయనా," అనేవారు ఆయన భార్య మహాలక్ష్మమ్మగారు. "టీ తాగి, మీ గోడ గడియారం స్లో అన్నారు. మా నాన్న రేడియో పెట్టి చూస్తే స్లోయే."

ఒకసారి మా చేపల సొసైటీకి ఓడ మీద కొత్త కంప్యూటరు వచ్చింది. దాన్ని ఎంచి తెప్పించింది అక్కడ టెంపరరీగా చేస్తున్న వీరలక్ష్మి. ఆ నెలలోనే ఆమె ఉద్యోగం పర్మనెంటు కావాలి. పాతదానికి రెట్టింపు వేగమని బిల్లు మీద ఉంది. తీరా సభ్యులందరి ముందూ ఆన్ చేస్తే, పాతదాని వేగమే తెర మీద పడింది.

సెక్రటరీ సత్యారావు ఎగిరిపడ్డాడు. "ఏటమ్మా ఇది? కొత్త డబ్బాలో పాత సరుకు. ఎంత తిన్నావ్, సచ్ బోలో."

"నేనేం తినలేదండీ," అంది వీరలక్ష్మి.

"మెషీనే సెప్తంది కదా. మెషీన్ ఝూట్ బోల్తా క్యా? ఇంక నీకు పర్మనెంటేటి, రేపట్నుంచి రావొద్దు."

సభ్యుల్లో వెనక కూర్చున్న మాస్టారు లేచారు. "ఆ పిల్ల తప్పు చెయ్యలేదు. మెషీన్ తన గురించి తాను చెప్పుకుంటే అదొక సాక్ష్యమా? ఠహరో, ఆగండి. టీ తెప్పించండి."

సభ్యుల కార్డుల కోసం తీసిన ఫొటోలన్నీ చిన్నవి చెయ్యమని రెండు కంప్యూటర్లకూ ఒకే పని అప్పగించారు. రెండూ ఒక్కసారే మొదలయ్యాయి. మాస్టారు గ్లాసెత్తారు. గదంతా ఆయన పెదాలకేసే చూస్తోంది. గ్లాసు సగమయ్యేసరికి కొత్తది పని ముగించి కూర్చుంది. పాతది ముగించేసరికి గ్లాసు అడుగున టీపొడి మాత్రం మిగిలింది.

"రెట్టింపే," అన్నారు మాస్టారు, మూతి తుడుచుకుంటూ. నాకు ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

"మరి తెర మీద?" అన్నాడు సత్యారావు, గొంతు తగ్గించి.

ఆ సంగతి వీరలక్ష్మే తేల్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్లకు రాస్తే, తప్పు తమదేనని ఒప్పుకున్నారు. సిస్టమ్‌కు గుండెకాయలాంటి భాగాన్ని కెర్నెల్ అంటారట. పని లేనప్పుడు ప్రాసెసరు నెమ్మదిస్తుంది. కెర్నెల్‌లో బగ్ అనే లోపం ఉండి, ప్రాసెసరు కునుకు తీసేటప్పటి వేగాన్నే పని చేసేటప్పుడూ చూపిస్తోంది. దిద్దిన కెర్నెల్ వేశాక తెర మీదా రెట్టింపే పడింది. "మాఫ్ కర్నా బేటీ," అని సత్యారావు పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాడు.

మర్నాడు జెట్టీలో మాస్టారు టీ గ్లాసందుకుంటుంటే అడిగాను. "ఏదీ కొలవందే నమ్మరు కదా మాస్టారూ. ఆ రోజు టీ రాకముందే ఆ పిల్ల తప్పు లేదని ఎలా అన్నారు?"

మాస్టారు తడబడ్డారు. ఆయన తడబడగా చూడడం నాకదే మొదలు. "నా క్లాసులో కూర్చున్న పిల్లయ్యా. దానికేం కొలతలు," అని గొణిగి, మొహం దాచుకోవడానికి గ్లాసెత్తి, గటగటా ఒక్క గుక్కలో తాగేశారు.

ఫెర్రీ సరిగ్గా టైముకే, అంటే ఆ గ్లాసు ఖాళీ అయిన చాలాసేపటికి వచ్చింది. నేనూరుకుంటానా?

"ఈ గ్లాసు లెక్కన ఎన్ని టీలు లేటండీ?"

"టికెట్టివ్వు భయ్యా," అన్నారు మాస్టారు, సముద్రంకేసి తిరిగి.