అశోక్‌నగర్ మేడగదిలో పడ్డ వాన

దయ్యాలూ భూతాలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని. ఆకులో తడి ఎక్కడిదని ఎవరైనా అడిగితే, వేరు పీల్చింది కాబట్టి వచ్చిందని చెప్పడం నా ఉద్యోగం. ఇది చదివి నన్ను నమ్మమని ఎవర్నీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తాను. ఆ ఎండాకాలమంతా నేను వసుంధరను చూసి ఓర్వలేక కుళ్లిపోతూ ఉన్నాను. ఈ కథలో నమ్మడానికి కష్టంగా లేనిది అదొక్కటే.

తొంభైల మధ్యలో మాట ఇది. నారాయణగూడలో ఒక కాలేజీలో నేనూ వసుంధరా లెక్చరర్లం. ఒకే ఏడు చేరాం. స్టాఫ్ రూములో ఒకే బీరువాలో చెరో అర వాడుకునేవాళ్లం. వాళ్లు గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డవాళ్లు. మాది జనగామ. నేను అశోక్‌నగర్‌లో ఒక మేడగదిలో కిరాయికి ఉండేదాన్ని.

ఆ ఏడు మా విశ్వవిద్యాలయానికి విదేశీ సాయంతో ఒక ప్రాజెక్టు వచ్చింది. పేరు చాంతాడంత ఉండేది. సారాంశం ఏమిటంటే, వర్షారణ్యాలను కాపాడుకోవాలంటే వాటిని చదివి, నలుగురికి నేర్పగలిగే వాళ్లు ఇక్కడి కాలేజీల్లోనే తయారు కావాలి. ప్రతిసారీ బయటి నుంచి నిపుణుల్ని అరువు తెచ్చుకుంటే లాభం లేదు. అందుకని కాలేజీకి ఒకర్ని ఎంచి పడమటి కనుమల్లోని క్యాంపుకు పంపుతారు. ఆ ఒకరు వేసవంతా అడవిలో పని నేర్చుకుని వచ్చి మిగతా అందరికీ నేర్పాలి.

ఆ ఒకరు నేనే కావాలని నాకుండేది. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద వర్షారణ్యం బొమ్మ గీస్తూ వచ్చాను. అంతస్తులు అంతస్తులుగా చెట్లు, మధ్యలో తీగలు, కింద చీకటి, పక్కన బాణం గుర్తులు. "మీరెప్పుడన్న చూసిండ్రా మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగితే వినపడనట్టు బోర్డు తుడిచాను. జనగామలో పుట్టినదాన్ని. వాన కోసం మబ్బు వంక చూడటం తెలుసుగానీ, ఇక చాలు వానా అనుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఇంటర్వ్యూ బషీర్‌బాగ్‌లో జరిగింది. వసుంధరది కాన్వెంటు చదువు, విదేశీ ప్రొఫెసర్‌తో గలగలా మాట్లాడింది. నాది తెలుగు మీడియం. మొక్కల లాటిన్ పేర్లు తప్ప మిగతా ఇంగ్లీషంతా గొంతులో అడ్డం పడింది. వసుంధరను ఎంపిక చేశారు. నన్ను ఊరికే పంపడం బాగుండదనుకున్నారో ఏమో, ఆమె అడవి నుంచి పంపే మొక్కల నమూనాలను ఆరబెట్టి అట్టల మీద అతికించే పని నాకు ఇచ్చారు. పెళ్లి ఆమెకు, విస్తళ్లు ఎత్తడం నాకు అన్నమాట.

ఆమె బయల్దేరే రోజు చిక్కడపల్లిలో వాళ్లింటికి వెళ్లాను. వెళ్లకపోతే కుళ్లుకుంటోందని అనుకుంటారు కదా. వాళ్లమ్మగారు కూతుర్ని గుమ్మంలో నిలబెట్టి, సున్నం పసుపు కలిపిన ఎర్రనీళ్లతో దిష్టి తీశారు. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి, నీ దిష్టి..." అని పళ్లెం తిప్పుతూ ఒక్క క్షణం నా వైపు చూశారు. ఆ పొరుగు దిష్టి ఎవరిదో ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. నీళ్లు వాకిట్లో పారబోశారు. దిష్టినీళ్లు తొక్కకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆటోలో పెట్టె ఎక్కించే తొందరలో నేను తొక్కాను. కుడికాలి చెప్పు తడిసింది. ఇలాంటివి నేను పట్టించుకోను కాబట్టి అప్పుడు పట్టించుకోలేదు.

వసుంధర కట్టలు కాచిగూడ స్టేషన్ పార్సిల్ ఆఫీసుకు వచ్చేవి. కన్నడ పేపర్ల మధ్య నొక్కిపెట్టిన కొమ్మలు. ఈ పని తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్తాను. కొమ్మను పేపర్ల మధ్య పరిచి, రెండు చెక్కల ప్రెస్‌లో పెట్టి పట్టీతో బిగించాలి. రోజూ చెమ్మ పీల్చిన పేపర్లు తీసేసి పొడివి పెట్టాలి. మార్చకపోతే ఆకుకు బూజు పడుతుంది. హైదరాబాదు మే నెలలో ఇదొక పనే కాదు. కాలేజీకి సెలవులు కాబట్టి ప్రెస్‌ను నా గదికే తెచ్చుకున్నాను.

మొదటి కట్ట ఆరలేదు.

పొద్దున పొడి పేపర్లు పెట్టి బిగిస్తే మధ్యాహ్నానికి తడి. చెమ్మ కాదు, పిండితే చుక్క రాలేంత తడి. అవే పేపర్లు బయట తాడు మీద వేస్తే కాసేపట్లో అప్పడాల్లా ఫెళఫెళలాడేవి. లోపలికి తెచ్చి పెడితే మళ్లీ మామూలే. కూలర్ వల్ల అనుకుని, ఉడికి చచ్చినా సరే అని కూలర్ ఆపాను. నీళ్ల కుండ బయటపెట్టాను. చివరికి కొమ్మలన్నీ తీసేసి ఒట్టి పేపర్లు బిగించి చూశాను. సాయంత్రానికి అవీ తడిశాయి. ఆకు లేదు, వేరు లేదు. ఇక నేను చెప్పే పాఠం అక్కడ పనిచేయలేదు.

తర్వాత చప్పుడు మొదలైంది. ఒక మధ్యాహ్నం నడుం వాల్చి ఉంటే పైన ఎక్కడో ఆకుల మీద వాన పడుతున్నట్టు వినిపించింది. వడియాలు ఎండబెట్టానని గుర్తొచ్చి పరుగెత్తి తలుపు తీశాను. బయట నిప్పులు చెరిగే ఎండ. వడియాలు గలగలమంటున్నాయి. తలుపు వేస్తే మళ్లీ వాన. తీస్తే ఎండ. ఎన్నిసార్లు తీసి వేశానో గుర్తులేదు.

ఇంటావిడ సులోచనమ్మ గారు పైకి వచ్చింది ఆ వారంలోనే. అప్పుడు నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, అదీ సన్నగా.

"ఏందమ్మా, కింద మేము బిందెడు నీళ్లకు పరేషాన్ అయితుంటే నువ్వు రూమంతా కడుగుతున్నవా? మా సీలింగ్ మొత్తం నానింది, వచ్చి చూడు" అన్నది.

వెళ్లి చూశాను. నిజంగానే సరిగ్గా నా ప్రెస్ కింద, పెద్ద తడి మరక. ఆవిడను పైకి తీసుకొచ్చి నా గచ్చు చూపించాను. పొడిగా ఉంది. ఆవిడ అరచేత్తో తడిమింది. ప్రెస్ వెనక గోడ తడిమి, చెయ్యి వాసన చూసుకుంది. ఆ గోడకు ఆకుపచ్చగా పాచి పట్టి ఉంది. అంతకుముందు నేను దాన్ని చూడలేదు.

కోపమంతా పోయి గొంతు తగ్గించింది. "బిడ్డా, ఎవరిదన్న దిష్టి తొక్కినవా? జర ఉప్పూ మిరపకాయలు తిప్పి పడేసుకో. గట్ల నవ్వకు."

నవ్వానుగానీ ఉప్పు మాత్రం తిప్పుకోలేదు. నమ్మకం లేక కాదు. తిప్పుకుంటే ఆగిపోతుందేమోనని. అప్పటికి నేను పగలంతా తలుపు వేసుకుని ఆ చప్పుడు వింటూ కూర్చుంటున్నాను. వసుంధరకు దొరికిందాంట్లో కొంత నాకూ దొరుకుతోందన్నట్టు ఉండేది. ఆ కొంత నేను వదులుకోదలచుకోలేదు.

ఒకరోజు గచ్చు మీద రక్తపు అడుగులు కనిపించాయి. నావే. కుడికాలి చీలమండ దగ్గర చిన్న గాటు, నొప్పి లేదు, రక్తం మాత్రం ఆగడం లేదు. దూది ఎంత పెట్టినా నానిపోతోంది. చిక్కడపల్లిలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన మిలిటరీలో ఉండి అస్సాంలో పనిచేసినాయన. కళ్లజోడు సర్దుకుని గాటు చూశాడు.

"జలగ పట్టింది. ఏ అడవికి పోయొచ్చినవమ్మా?"

"కాచిగూడ దాకా పోయొచ్చిన, అంతే సార్" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా కట్టు కట్టాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కట్టలతో పాటు వచ్చి ఉంటుందని మీరనొచ్చు. నేనూ అనుకున్నాను. కానీ ఆ కట్టలు రైల్లో రావడానికీ, నేను విప్పడానికీ పట్టిన రోజుల్లో ఏ జలగైనా ఎండి తాడైపోతుంది.

జూన్‌లో వసుంధర తిరిగొచ్చింది. ఆమె రైలు దిగిన రోజే నా పేపర్లు పొడిగా ఉన్నాయి. గదిలో చప్పుడు లేదు. వారం తిరక్కుండా గోడ మీది పాచి పొడిపొడిగా రాలిపోయింది.

నేర్చుకున్నది నేర్పాలి కదా. చుట్టుపక్కల కాలేజీల లెక్చరర్లను పిలిచి మా హాల్లో శిక్షణ పెట్టారు. వసుంధర స్లైడ్లు చూపిస్తూ బాగానే మొదలుపెట్టింది. నేను వెనక వరుసలో పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. అంతలో ఎవరో అడిగారు, "వాన ఆగాక అడవి ఎలా ఉంటుందండీ?" అని. వసుంధర నోరు తెరిచింది. మాట రాలేదు. తెర వైపు చూసింది, మా వైపు చూసింది.

నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు. "వాన ఆగదు" అన్నాను. "పైన ఆగినా కింద ఆగదు. పై ఆకు నుంచి కింది ఆకుకు దిగుతూ చాలాసేపు పడుతూనే ఉంటుంది. ముందు పెద్ద చుక్కలు, తర్వాత చిన్నవి. అది అయ్యేలోపల మళ్లీ పైన మొదలవుతుంది." ఇంకా చాలా చెప్పాను. ఒక్క ముక్కా పుస్తకంలోది కాదు.

సాయంత్రం వసుంధర నన్ను నారాయణగూడలో ఒక హోటల్‌కు తీసుకెళ్లింది. చాయ్ రాగానే అడిగింది.

"నీకెలా తెలిసిందే సుజాతా?"

దాచడానికి ఏముంది, అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె చెప్పు విప్పి మడమ చూపించింది. ఎండిన చెరువు అడుగులా బీటలు.

"క్యాంపులో అందరి కాళ్లూ నాని పాచిపోయాయి, నావి ఇలా అయ్యాయి. పెదాలు పగిలి రక్తం కారేది. రోజూ వానలో తిరిగేదాన్ని, గదికొచ్చేసరికి ఒంటి మీద బట్టలు పొడిగా ఉండేవి. జలగలు అందర్నీ పట్టాయిగానీ నన్ను ఒక్కటీ ముట్టుకోలేదు. అక్కడున్నన్నాళ్లూ నాకు వాన చప్పుడే వినపడలేదే. మొదటి కొన్నాళ్లు నా చెవుల్లో ఏదో గాలి చప్పుడు, ఆగీ ఆగీ తిరిగే పాత కూలర్ లాంటిది."

నా కూలర్ అలాగే తిరిగేది, నేను ఆపేసేదాకా.

"అది నాకు రావాల్సింది" అంది వసుంధర. "నన్ను పంపించారు. నీకు దొరికింది."

ఆమె కళ్లలోకి చూస్తే నాకు బాగా తెలిసిన చూపే కనిపించింది. వేసవంతా అద్దంలో చూసుకున్నదే కదా. జాలిపడాలి నేను. పడలేదు. నా కడుపు చల్లబడింది. మర్నాడు ఆమె వచ్చి నా గదిలో తలుపు వేసుకుని సాయంత్రం దాకా కూర్చుంది. ఏమీ వినపడలేదని చెప్పి, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

తర్వాత వసుంధరకు పెద్ద పేరు వచ్చింది. ప్రాజెక్టులో ఎదిగింది, ఎంతోమందికి శిక్షణ ఇచ్చింది. నాకు ఆ అవకాశం ఆ దశాబ్దం చివర్లో వచ్చింది. ఈసారి కాస్త ఇంగ్లీషు కూడగట్టుకుని వెళ్లాను. ఎంపికయ్యాను. రైలెక్కేటప్పుడు నాకెవరూ దిష్టి తీయలేదు.

క్యాంపుకు చేరిన సాయంత్రమే కుండపోత. అందరూ కేరింతలు కొడుతూ తడిశారు. నేనూ వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఆ రోజు కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో ఎవరికి చెప్పను? చెట్లు ఊగుతున్నాయి, నేల మీద నీళ్లు పారుతున్నాయి, పక్కన నిలబడ్డవాళ్లు ఒకరికొకరు వినపడక అరుస్తున్నారు. నాకు మాత్రం ఆ చప్పుడు లేదు. నాకు వినిపించింది ఒక ఫ్యాన్. రెక్క ఎక్కడో తగులుతున్నట్టు టక్కు టక్కుమంటూ తిరిగే సీలింగ్ ఫ్యాన్. నా గదిలో ఫ్యాన్ అలా చప్పుడు చేయదు. మర్నాటికి నా పెదాలు పగిలాయి. జలగలు అందర్నీ పట్టాయి, నా జోలికి రాలేదు.

కొండ దిగి ఊళ్లోని ఎస్టీడీ బూత్ నుంచి వసుంధరకు ఫోన్ చేశాను. "మీ ఇంట్ల ఫ్యాన్ చప్పుడు చేస్తదా?" అన్నాను.

"లేదే. ఎందుకు?" అంది. తర్వాత మెల్లగా, "మా ఇంట్లో ఏ తడీ లేదు. నేను కాదు. ఎవరే ఆమె?" అంది. ఆ గొంతులో కోపం ఉంది. నాకూ అదే కోపం వచ్చింది. ఇన్నేళ్లలో మేమిద్దరం ఒక్కమాట మీద ఉన్నది అప్పుడే.

దీనికి కారణం నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. దిష్టి అని సులోచనమ్మ గారు అన్నారు, నేను అనలేను. నాకు తెలిసిందల్లా ఒకటే. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఎక్కడో ఒక గదిలో, టక్కు టక్కుమనే ఫ్యాన్ కింద, ఎవరో నా వాన విన్నారు. బహుశా తలుపు వేసుకుని మరీ విన్నారు. ఆమె ఎవరో తెలియదుగానీ, ఆమె పేరు తలుచుకోవడానికైనా లేదే అని నాకు ఈ రోజుకీ కడుపు మండుతుంది.

అందుకే ఎవరింటికి వెళ్లినా, కూర్చోమన్నా కూర్చోను. ముందు ఫ్యాన్ వేయమంటాను.